కాంపాక్ట్ జూమ్ కెమెరానా, డీఎస్‌ఎల్‌ఆరా? కొనే ముందు మీరే తేల్చుకునే పద్ధతి

డిసెంబర్ దగ్గర పడిందంటే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది. పాప యాన్యువల్ డే ఉందండీ, ఫోన్‌లో తీస్తే మొహం కూడా తెలియట్లేదు, 40ఎక్స్ జూమ్ ఉన్న చిన్న కెమెరా తీసుకోమంటారా, రెండు లెన్సులొచ్చే డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) తీసుకోమంటారా అని. పెళ్లిళ్ల సీజన్‌లో ఒకసారి, ఎండాకాలం సెలవులకు ముందు ఇంకోసారి మళ్లీ అదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా పద్ధతి మొత్తం ఒకచోట రాస్తే, మీ అంతట మీరే తేల్చుకోవచ్చు.

కెమెరాల జాబితా కాసేపు పక్కన పెట్టండి. మీకు కావాల్సిన ఫొటోలు ఎంత వెలుతురులో, ఎంత దూరం నుంచి తీయాల్సి వస్తోందో ముందు చూడండి. వెలుతురు తక్కువ, మనుషులు కదులుతుంటారు అంటే డీఎస్‌ఎల్‌ఆర్. పగటి వెలుతురు ఉంది, దూరమే సమస్య అంటే కాంపాక్ట్ జూమ్. చీకటీ దూరమూ కలిసి వచ్చిన చోటే అందరూ బోల్తా పడతారు. యాన్యువల్ డే సరిగ్గా అలాంటిదే, అందుకే దాని గురించి కింద కాస్త ఎక్కువ రాశాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఫోన్, అందులో గత ఏడాది ఫొటోలు
- కాగితం, పెన్ను
- ఖాళీ ఎస్‌డీ కార్డు. 32 జీబీ చాలు, మైక్రో ఎస్‌డీ కాదు, పెద్ద సైజుది
- ఫొటోలు చూడటానికి కంప్యూటరో ల్యాప్‌టాపో
- బయటికి వెళ్లేటప్పుడు మీరు మామూలుగా తగిలించుకునే బ్యాగ్
- కిలో కందిపప్పు ప్యాకెట్. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను

థియరీ ఒక్క ముక్క తెలిస్తే చాలు. జేబులో పట్టే ఎక్కువ జూమ్ కెమెరాల్లో చాలావాటికి సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు) 1/2.3 అంగుళాల రకం, అంటే దాదాపు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, మీ చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. కెనాన్ ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ 22.3 × 14.9 మిల్లీమీటర్లు. విస్తీర్ణం దాదాపు 12 రెట్లు. చీకట్లో ఫొటో ఎలా వస్తుందో చాలావరకు తేల్చేది ఇదే. చిన్న సెన్సర్‌తో ఒక లాభం ఉంది: లెన్స్ కూడా చిన్నదైపోతుంది కాబట్టి, జేబులో పట్టే కెమెరాలో అంత జూమ్ ఇవ్వగలుగుతున్నారు.

1. బాగా రాని ఫొటోలు ఏరండి

గ్యాలరీ తెరిచి, ఇది ఇంకా బాగా వచ్చి ఉంటే బాగుండేది అనిపించిన ఫొటోలు ఓ ముప్ఫై ఏరండి. బాగా వచ్చినవి వద్దు. వాటిని నాలుగు కుప్పలు చేయండి.

క) చీకటి లేదా ఇంట్లో లైట్లు, మనిషి కదులుతున్నాడు: ఇంట్లో పరిగెత్తే బాబు, రాత్రి పెళ్లి, స్టేజీ మీద డాన్స్.
ఖ) పగలు, దూరం: చెట్టు మీద పక్షి, ఆలయ గోపురం మీది శిల్పం, గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్న అబ్బాయి.
గ) చీకటి, కానీ ఏదీ కదలట్లేదు: మండపం లోపలి స్తంభాలు, రాత్రి దీపాల వరస.
ఘ) పగలు, దగ్గర. మామూలు టూర్ ఫొటోలు, గ్రూప్ ఫొటోలు.

ప్రతి కుప్పలో ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. ఏ కుప్ప పెద్దదో దాని కోసమే కెమెరా కొంటున్నారు. ఎప్పుడో ఒకసారి తీసే చంద్రుడి ఫొటో కోసం కాదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, తీయబోయే ఫొటోలను ఊహించుకుని లెక్క వేయడం. పక్షులు తీస్తాను, సూర్యోదయం తీస్తాను అనుకుంటాం. గ్యాలరీలో చూస్తే తొంభై శాతం పిల్లలే ఉంటారు. ఉన్న ఫొటోలనే లెక్కపెట్టండి.

2. అసలు కొనాలా అన్నది ముందు తేల్చండి

ఎక్కువ ఫొటోలు ‘ఘ’లో పడితే ప్రస్తుతానికి ఏమీ కొనకండి. ‘గ’లో పడినా తొందరపడొద్దు. కదలని వస్తువును చీకట్లో తీయడానికి ఫోన్ నైట్ మోడ్ వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, ఫోన్‌ను గట్టిగా దేనికైనా ఆనిస్తే ఫలితం బాగుంటుంది. లేపాక్షి మండపం పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రాలు ఉన్నాయి కదా, లోపల వెలుతురు తక్కువ. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి ఫోన్‌తో తీసి చూడండి. అది నచ్చకపోతే అప్పుడు కెమెరా మాట.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. 1/2.3 అంగుళాల సెన్సర్ ఉన్న కాంపాక్ట్, రాత్రిపూట ఇంట్లో మంచి ఫోన్ కన్నా మెరుగ్గా తీయదు. ఇప్పుడు చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ అంతకన్నా పెద్దదే ఉంటోంది. ఆ రకం కెమెరాకు డబ్బు పెట్టేది పగటిపూట జూమ్ కోసం మాత్రమే. ‘క’ కుప్ప పెద్దదై, ఫోన్ కన్నా కెమెరా ఎప్పుడూ మేలే కదా అని చిన్న కాంపాక్ట్ కొన్నవాళ్లే అందరికన్నా ఎక్కువ బాధపడతారు.

3. ఎక్స్ లెక్కను దూరంగా మార్చుకోండి

40ఎక్స్ అంటే 40 రెట్లు దగ్గరగా చూపిస్తుందని కాదు. ఆ లెన్స్ అతి తక్కువ ఫోకల్ లెంగ్త్‌కు, అతి ఎక్కువకు మధ్య ఉన్న నిష్పత్తి అంతే. ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్‌కు ఎంఎంలలో రాసే అంకె, అది పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి. కెనాన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్ 24 నుంచి 960 ఎంఎం దాకా వెళ్తుంది, అందుకే 40ఎక్స్. డీఎస్‌ఎల్‌ఆర్‌తో వచ్చే 18-55 కిట్ లెన్స్ ఈ లెక్కన 3ఎక్స్. 70-300 లెన్స్ 4ఎక్స్ పైచిలుకు మాత్రమే అయినా దూరం బాగానే చూపిస్తుంది.

పోల్చాలంటే రెండింటినీ ఒకే కొలతలోకి తేవాలి. కాంపాక్ట్ డబ్బా మీద రాసే 24-960 సాధారణంగా 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాతో సమానంగా లెక్కగట్టిన అంకె. డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ మీద ఉండేది అసలు అంకె, ఎంట్రీ లెవెల్ కెమెరాలకు దాన్ని కెనాన్‌లో 1.6తో, నికాన్‌లో 1.5తో గుణించండి.

- 18-55 కిట్ లెన్స్ కెనాన్ మీద: పైఅంకె 88
- 55-250: పైఅంకె 400
- 70-300 నికాన్ మీద: పైఅంకె 450
- ఎస్‌ఎక్స్740: 960
- కెనాన్ ఎస్‌ఎక్స్70 హెచ్‌ఎస్: 1365
- నికాన్ కూల్‌పిక్స్ పి950: 2000. ఇది కాంపాక్ట్ జాతిదే అయినా కిలో బరువు ఉంటుంది

ఒక్క కిట్ లెన్స్‌తో డీఎస్‌ఎల్‌ఆర్ కొని ఇంటికెళ్లాక, ఇంత డబ్బు పోస్తే జూమే లేదేంటి అనేవాళ్లు ఎందరో. 88 అంటే హాల్లో నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్న మనిషి నిలువెత్తున ఫ్రేమ్ నిండుతాడు, అంతే.

దీనికి మరో పక్క కూడా చూడండి. 24 మెగాపిక్సెల్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో 400 దగ్గర తీసి, 960 వేసినంత దగ్గరగా కనిపించేలా క్రాప్ చేస్తే (చుట్టూ కత్తిరిస్తే) దాదాపు 4 మెగాపిక్సెల్ మిగులుతుంది. వాట్సాప్‌కు, చిన్న ప్రింటుకు అది చాలు. పెద్ద ప్రింటుకు చాలదు.

డిజిటల్ జూమ్ అని రాసిన అంకెను పూర్తిగా కొట్టేయండి. అది కెమెరా లోపలే చేసే క్రాప్. ఆప్టికల్ అని రాసిన అంకెనే చూడండి. మెగాపిక్సెల్స్ గురించి కూడా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, 12 × 8 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వేయడానికి 9 మెగాపిక్సెల్ లోపే సరిపోతుంది.

4. ఎఫ్ అంకె చూడండి, యాన్యువల్ డే లెక్క వేయండి

లెన్స్ చుట్టూ 1:3.3-6.9 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది జూమ్ లాగనప్పుడు, రెండోది పూర్తిగా లాగినప్పుడు అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం. దీన్నే ఎఫ్ అంకె అంటారు. అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. జూమ్ కోసం కొనేవాళ్లు రెండో అంకెనే చూడాలి.

స్టేజీ మీద డాన్స్ చేస్తున్న పిల్ల స్పష్టంగా రావాలంటే షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే సమయం) 1/250 సెకను ఉండాలి. ఆ హాల్లో ఎఫ్/1.8, 1/250, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 1600 దగ్గర సరైన వెలుతురు వస్తోందనుకుందాం. స్కూల్ హాళ్లలో ఇది అసాధారణం కాదు. అదే హాల్లో:

ఎస్‌ఎక్స్740ని పూర్తిగా జూమ్ లాగితే అపర్చర్ 6.9. లోపలికి వచ్చే వెలుతురు దాదాపు 15 రెట్లు తగ్గింది. ఐఎస్‌ఓను దాని చివరి అంకె 3200కి తీసుకెళ్లినా షట్టర్ 1/30 దగ్గరికి పడిపోతుంది. పిల్ల చేతులు కదిలిన గీతల్లా వస్తాయి. పైగా అంత చిన్న సెన్సర్ మీద 3200 అంటే మొహం నీళ్లరంగు బొమ్మలా అలుక్కుపోతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌కు 55-250 పెట్టి పూర్తిగా లాగితే 5.6. కెనాన్ 1500డిలో ఐఎస్‌ఓ 6400 పెడితే షట్టర్ 1/100 దగ్గర ఉంటుంది. డాన్స్ ఊపులో కొన్ని పోతాయి, భంగిమ పట్టి ఒక క్షణం ఆగినప్పుడు తీస్తే బాగా వస్తాయి. గమనించారా, రెండు లెన్సుల కిట్ కొన్నంత మాత్రాన యాన్యువల్ డే గెలిచినట్టు కాదు.

అదే కెమెరాకు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెడితే 1/250, ఐఎస్‌ఓ 1600. అయితే దీనికి జూమ్ లేదు. స్టేజీకి 8 మీటర్లలో కూర్చుంటే పిల్ల నిలువుగా ఫ్రేములో సగం ఉంటుంది. 15 మీటర్ల దూరమైతే పావు ఫ్రేమే, అప్పుడు క్రాప్ చేయాలి, అయినా పిల్ల ఎత్తున దాదాపు 1000 పిక్సెళ్లు మిగులుతాయి. ఫోన్ స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తుంది. నా మాట వింటే, ‘క’ కుప్ప పెద్దదైనవాళ్లు రెండో జూమ్ లెన్స్ మానేసి ఈ లెన్స్ కొనండి, మిగిలిన డబ్బు దాచుకోండి. ముందు వరసల్లో సీటు కోసం అరగంట ముందే వెళ్లండి.

ఫ్లాష్ మాత్రం ఆపేయండి. కెమెరా మీది ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి పనిచేయదు. ముందు వరసవాళ్ల తలలు తెల్లగా, స్టేజీ నల్లగా వస్తుంది.

వీడియోయే ముఖ్యమైతే ఇదంతా తలకిందులు అవుతుంది. 1500డి వీడియో తీస్తుండగా తనంతట తాను ఫోకస్‌ను పట్టుకుని ఉండదు, మైకు పెట్టుకునే సాకెట్ లేదు. నికాన్ డి3500కీ మైక్ సాకెట్ లేదు. వెనక స్క్రీన్ చూస్తూ ఫోన్‌లా తీసే అలవాటున్నవాళ్లకు ఈ రెండింటిలో ఫోకస్ నెమ్మదిగా ఉండి చిరాకు పుడుతుంది. ఆ రేంజ్‌లో కెనాన్ 200డి మార్క్ 2 ఇందుకు మినహాయింపు, స్క్రీన్ మీద కూడా ఫోకస్ వేగంగా పడుతుంది, మైక్ సాకెట్ ఉంది.

5. మొత్తం ఖర్చు రాయండి

డబ్బా ధర కాదు, మొదటి ఏడాది మొత్తం. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే బాడీ, కిట్ లెన్స్, మీ కుప్పకు తగ్గ రెండో లెన్స్, కార్డు, బ్యాగ్. మొత్తం బడ్జెట్‌లో కనీసం మూడో వంతు రెండో లెన్స్‌కు మిగలకపోతే డీఎస్‌ఎల్‌ఆర్ ఆలోచన ఇప్పుడు వద్దు. కాంపాక్ట్ అయితే కెమెరా, కార్డు, అదనపు బ్యాటరీ. ఆ బ్యాటరీ తప్పనిసరి. కంపెనీ లెక్క ప్రకారం ఎస్‌ఎక్స్740కి ఒక చార్జింగ్‌తో 265 ఫొటోలు, 1500డికి 500, డి3500కి 1550. పెళ్లికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఉండేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

లెన్స్ కొనేటప్పుడు పేరు చివరి అక్షరాల దాకా చదవండి. కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్ అని ఉంటే చేతి వణుకును లెన్స్ సర్దుతుంది. కెనాన్ 18-55లో ఐఎస్ ఉన్నదీ లేనిదీ రెండూ ఉన్నాయి. నికాన్ ఏఎఫ్-పి 70-300లోనూ వీఆర్ ఉన్నదీ లేనిదీ ఉన్నాయి. కాంబో ఆఫర్‌లో చవగ్గా వచ్చేది తరచూ లేని రకమే. 300 ఎంఎం దగ్గర వణుకును సర్దని లెన్స్‌తో చేతిలో పట్టుకుని తీయడం చాలా కష్టం. నికాన్ డి3500 కొంటే ఇంకో జాగ్రత్త: ఫోకస్ తిప్పే మోటార్ బాడీలో లేదు. నికాన్ లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ లేకపోతే చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి. చవగ్గా దొరికే పాత 50 ఎంఎం 1.8డి లెన్స్ సంగతి ఇదే. 1.8జి తీసుకోండి.

అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పిస్తున్నారా? పేర్లు వేరుగా ఉంటాయి. మన 1500డి అక్కడ రెబెల్ టీ7, 200డి మార్క్ 2 అక్కడ రెబెల్ ఎస్‌ఎల్3. వారంటీ చాలావరకు కొన్న దేశానికే పరిమితం. ఇక్కడ బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనే పీస్‌లకూ అదే చిక్కు. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబర్ రాసిన వారంటీ కార్డు, రెండూ చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు.

6. కందిపప్పు పరీక్ష

1500డి, 18-55, 55-250 కలిస్తే కిలో దాటుతుంది. ఎస్‌ఎక్స్740 300 గ్రాములు. మీ మామూలు బ్యాగులో కిలో ప్యాకెట్ వేసుకుని ఒక రోజంతా తిరగండి, బజారుకు, ఆఫీసుకు, వీలైతే కొండ మీది గుడికి. సాయంత్రానికి దాన్ని తీసి కారులో పెట్టేశారంటే, రెండు లెన్సుల కెమెరా కూడా కారులోనే ఉంటుంది.

7. షాపులో చేయాల్సిన పరీక్ష

హైదరాబాద్ అయితే కోఠీ వైపు, వేరే ఊరైతే అక్కడి పెద్ద కెమెరా షాపు. ఆదివారం సాయంత్రం వద్దు, మామూలు రోజు పొద్దున వెళ్తే వాళ్లకూ ఓపిక ఉంటుంది. డెమో పీస్ అడగండి, మీ కార్డు వేయండి. ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి, మోడల్‌గా పనికొస్తారు. రెండు కెమెరాలతోనూ ఇవే ఫొటోలు, ఇదే వరసలో తీయండి:

క) షాపులో అన్నిటికన్నా చీకటి మూల చూసుకోండి. గోడౌన్ తలుపు దగ్గరో, మెట్ల కిందో. కౌంటర్ మీద ఎల్ఈడీల వెలుతురులో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది, అది మీ హాలు కాదు. ఆ మూలలో మనిషిని నిలబెట్టి మొహం తీయండి. ఫ్లాష్ ఆపి.
ఖ) అదే చోట ఆ మనిషిని చేతులు ఊపుతూ మీ వైపు నడవమనండి. షట్టర్ మనమే ఎంచుకునేలా డయల్‌ను కెనాన్‌లో Tv, నికాన్‌లో S అక్షరం దగ్గర పెట్టి 1/250 ఎంచుకోండి, ఐఎస్‌ఓ ఆటోలో ఉంచండి. ఐదారు ఫొటోలు వరసగా తీయండి.
గ) గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు అవతలి బోర్డును పూర్తి జూమ్‌తో తీయండి. ఐదుసార్లు. ఒక్కసారి బాగా రావడం కాదు, ఐదింటిలో ఎన్ని బాగా వచ్చాయన్నది ముఖ్యం.
ఘ) ఎండలోకి వచ్చి వెనక స్క్రీన్ చూడండి. ఎస్‌ఎక్స్740 లాంటి వాటికి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. మిట్టమధ్యాహ్నం సముద్రం ఒడ్డున స్క్రీన్ మీద ఏముందో తెలియదు, చేతులు చాచి పట్టుకుంటే 960 దగ్గర చెయ్యి వణుకుతుంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.
ఙ) ఆపేసి ఉన్న కెమెరాను ఆన్ చేసి మొదటి ఫొటో తీయడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.
చ) నడిచి వస్తున్న మనిషిని ఒక నిమిషం వీడియో తీయండి.

ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు వస్తే కెమెరా పాడైందని కంగారు పడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల కొన్ని ట్యూబులు, ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమినుకుమంటాయి. షట్టర్‌ను 1/100 చేసి మళ్లీ తీయండి, చారలు పోతాయి.

షాపువాళ్లు ఇన్ని తీయనివ్వకపోతే కెమెరాను అద్దెకు తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఒక రోజుకు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. నిజానికి ఇదే మంచి పద్ధతి, మీ ఇంట్లో మీ పిల్లలతోనే పరీక్ష అయిపోతుంది.

8. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూడండి

కెమెరా వెనక మూడు అంగుళాల స్క్రీన్ మీద అన్నీ అద్భుతంగానే ఉంటాయి. దాన్ని నమ్మొద్దు. కంప్యూటర్‌లో ఒకే రకం ఫొటోలను పక్కపక్కన పెట్టండి.

మొదట తెర నిండేంత సైజులో చూడండి. మీ కుప్పకు సంబంధించిన ఫొటోల్లో ఆ సైజులో తేడా కనిపించకపోతే ఇక ఆలోచించకండి, తేలికైన కెమెరా తీసుకోండి. తేడా కనిపిస్తే అప్పుడు 100 శాతానికి పెంచి మొహంలో కనురెప్పలు, జుట్టు చూడండి. వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే మంచిదే, ముద్దగా అలుక్కుపోతే అది ఎక్కువ ఐఎస్‌ఓ దెబ్బ. సన్నటి ఇసుక చల్లినట్టున్న గ్రెయిన్‌కు భయపడొద్దు, ప్రింటులో అది దాదాపు కనిపించదు. అలుక్కుపోయిన మొహం మాత్రం తిరిగి రాదు.

తర్వాత ఫొటో ప్రాపర్టీస్ తెరిచి షట్టర్, ఐఎస్‌ఓ చూడండి. మసకగా వచ్చిన ఫొటోలో షట్టర్ 1/30 ఉంటే తప్పు షట్టర్‌ది. 1/250 ఉన్నా మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. వెనక ఉన్న గోడ స్పష్టంగా ఉండి మొహం మసకగా ఉంటే అది ఖాయం. ఇలా విడదీసి చూడకపోతే సెట్టింగ్ తప్పుకు కెమెరాను తిట్టి, వేరే కెమెరా కొని, మళ్లీ అదే ఫొటో తీస్తారు.

ఇక ఒకటో మెట్టు కాగితం తీయండి. ‘క’ కుప్ప పెద్దదై, ఏడో మెట్టులోని ‘ఖ’ పరీక్షలో (నడిచి వచ్చే మనిషి ఫొటోల్లో) డీఎస్‌ఎల్‌ఆర్ గెలిస్తే, అదీ 50 ఎంఎం లెన్సూ. ‘ఖ’ కుప్ప పెద్దదైతే జూమ్ కాంపాక్ట్, అందులోనూ ఉప్పలపాడు, నేలపట్టు లాంటి చోట్ల చెట్ల మీద కూర్చున్న పక్షులే మీ ఆసక్తి అయితే ఎస్‌ఎక్స్70 లాంటి వ్యూఫైండర్ ఉన్నది. ఎగిరే పక్షులైతే మళ్లీ డీఎస్‌ఎల్‌ఆరే, 55-250తో. వ్యూఫైండర్‌లో చూస్తూ పక్షి వెంట కెమెరాను తిప్పడం దానిలోనే తేలిక. రెండు కుప్పలూ సమానంగా ఉండి బరువు మోయలేమనుకుంటే 1 అంగుళం సెన్సర్ కాంపాక్ట్‌లు ఉన్నాయి. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 లెన్స్ 24-200, ఎఫ్/2.8-4.5, బరువు 300 గ్రాములే. ధర మాత్రం ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్‌ను దాటిపోతుంది.

మిర్రర్‌లెస్ (డీఎస్‌ఎల్‌ఆర్‌లా లెన్స్ మార్చుకోవచ్చు, లోపల అద్దం ఉండదు) సంగతేంటి అని తప్పకుండా అడుగుతారు. 2020 తర్వాత కెనాన్, నికాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ ఏదీ తేలేదు, డి3500 తయారీ ఆగిపోయింది. కొత్తదే కొనాలి, బడ్జెట్ కాస్త సాగుతుంది అంటే కెనాన్ ఆర్50 లాంటిది కూడా ఏడో మెట్టు పరీక్షలో పెట్టండి. సెన్సర్ సైజు డీఎస్‌ఎల్‌ఆర్‌దే, వీడియోలో ఫోకస్ చాలా నయం. బడ్జెట్ బిగువుగా ఉంటే పాత డీఎస్‌ఎల్‌ఆర్, పాత లెన్సులు ఇప్పుడు మంచి బేరం.

9. సెకండ్ హ్యాండ్ అయితే

లెన్స్‌ను కెమెరా నుంచి విడదీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో బీరువాలో పడి ఉన్న లెన్సులకు ఇది మామూలే. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

అపర్చర్‌ను ఎఫ్/16 చేసి ఆకాశాన్ని తీయండి. మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము, డీఎస్‌ఎల్‌ఆర్‌లో అది శుభ్రం చేయించుకోవచ్చు. కాంపాక్ట్‌కు లెన్స్ విప్పడం కుదరదు. తెల్ల గోడను పూర్తి జూమ్‌లో తీసినప్పుడు మచ్చలుంటే కెమెరా మొత్తం విప్పాలి, ఆ ఖర్చుకు వేరేది చూసుకోవడమే మేలు. కాంపాక్ట్ జూమ్‌ను పదిసార్లు పూర్తిగా చాచి ముడవండి. గరగరమన్నా, మధ్యలో ఆగినా తీసుకోవద్దు.

ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్ షట్టర్ లక్ష క్లిక్‌ల అంచనాతో చేస్తారు. నికాన్ అయితే ఒరిజినల్ ఫొటో ఫైల్లోనే ఎన్ని తీశారో ఉంటుంది, షట్టర్ కౌంట్ చూపించే వెబ్‌సైట్‌లో పెడితే తెలుస్తుంది. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ సమాచారం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. కెనాన్ ఎంట్రీ మోడళ్లలో ఫొటో ఫైల్‌లో ఉండదు, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి.

10. కొన్న వారంలోనే

షాపు మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఆ లోపలే ఇవి చేయండి. లెన్స్ మూత పెట్టి ఒక ఫొటో తీసి, కంప్యూటర్‌లో నల్లటి తెర మీద వెలిగే చుక్కలు ఉన్నాయేమో చూడండి. న్యూస్‌పేపర్‌ను గోడకు అంటించి, కెమెరాను టేబుల్ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. నాలుగు మూలల అక్షరాలూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే, పేపర్‌కు ఎదురుగా కెమెరా సమంగా ఉందో లేదో సరిచూసి మళ్లీ తీయండి. అప్పుడూ అదే పక్క మసకగా వస్తే లెన్స్ మార్పించండి.

బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి అయిపోయే దాకా ఒకసారి వాడండి. వైఫై, బ్లూటూత్‌తో ఫొటోలు ఫోన్‌కు వస్తున్నాయో లేదో చూడండి. డి3500లో బ్లూటూత్ మాత్రమే ఉంటుంది, పెద్ద సైజు ఫొటోలు కార్డు రీడర్‌తోనో కేబుల్‌తోనో తీసుకోవాలి.

దాచేటప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, బియ్యప్పొడి జూమ్ గొట్టంలోకి పోతుంది. వానాకాలంలో నెలకోసారి జెల్ ప్యాకెట్లు మార్చండి, ఆ రోజే కెమెరా బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి.